విగ్రహము క్రింది నేల

మన పహణిలోని సర్వే నంబరు వెనుక నొక కథ కలదు. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనగా, థామస్ మన్రో ప్రధాన కలెక్టరై 1807 వఱకు పాలించెను. చేనుచేనును గొలుసుతో కొలిపించి, రైతు పేరనే శిస్తు నిర్ణయించెను.

తరువాత ఆయన చెన్నపట్టణమున గవర్నరయ్యెను. ఆయన మరణించిన పిమ్మట, ప్రజల చందాలతో లండను శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ కంచు విగ్రహమును పోతపోయగా, 1839లో దానిని ఆ నగరమున నిలిపిరి. గుఱ్ఱమునకు జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మఱచెనని జనులు నవ్వుకొందురు. నాకు వేఱొక లోపము తోచుచున్నది. నేలను కొలిపించిన మనిషి ప్రతిమలో నేల జాడయే లేదు. అంత ఎత్తు పీఠము మీదినుండి రైతు కనబడడు.

మన్రో 1827 జూలై 6న, ఆదోనికి ఆవలనున్న పత్తికొండలో విశూచితో మరణించెను. అచ్చట ప్రభుత్వము ఆయన పేర రాతిబావి కట్టించి, తోపు నాటించెను. దప్పిగొన్న బాటసారికి పనికివచ్చిన ఆ బావియే నా దృష్టిలో మేలైన శిల్పము.

పట్టా చేనికి యజమాని కలడు. గట్టు జరిపినచో కోర్టుకెక్కును. బాటకు, చెఱువుగట్టుకు, రచ్చకట్టకు అందఱును యజమానులే గనుక అడుగువాడుండడు. రాత్రికి రాత్రి దిమ్మె లేచును. తెల్లవాఱుసరికి దండ పడును. ఆపై కదలింపబోయినవాడు ద్రోహియగును. ప్రజల బాటలపైన విగ్రహములకు అనుమతి నీయరాదని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. అయినను దిమ్మెలు లేచుచునే యున్నవి.

విగ్రహములే వలదని నా మతము కాదు. హైదరాబాదు ట్యాంకుబండుపై మన బళ్లారి రాఘవకు చోటు దక్కెనని విని పొంగనివాడెవడు? కాని ఆ గట్టుమీదనే 2011 మార్చి 10న శ్రీశ్రీ, జాషువ మొదలగువారి ప్రతిమలను కూలద్రోసిరి. తెలంగాణ మహనీయులకు తగిన చోటీయలేదను ఆక్షేపణ అప్పటికే కలదు. పగులగొట్టుట తప్పు, ముందుగా అడుగకుండుటయు తప్పే.

సిరిగేరిలో రెండు భాషలవారము ఒకే బాటను నడచుచున్నాము. ఇచ్చట విగ్రహము మాట వచ్చిననాడు ఆ ప్రతిపాదనను గ్రామసభలో కన్నడమునను తెలుగునను చదివి వినిపింపవలెను. ఎన్ని గజముల నేల పోవునో, గంపలు దింపుకొని కూరలమ్ము స్త్రీలు ఎక్కడికి జరుగవలెనో శిల్పి తన పటములోనే చూపవలెను. చూపని పటముపై పంచాయతి చేవ్రాలు చేయరాదు.