వంకాయకున్న పరీక్ష పుస్తకానికి వద్దా?

"ఏ ఊరండీ మీది?" అని అడిగితే "కొల్లూరు" అంటాను. "అబ్బో, వజ్రాల కొల్లూరే!" అని కళ్ళు పెద్దవి చేస్తారు. కాదు మహాప్రభో! ఆ కొల్లూరు కృష్ణ ఒడ్డున పల్నాడులో ఉంది. మాది పటాన్‌చెరు దగ్గరి కొల్లూరు. ఇక్కడ దొరికేది ఔటర్ రింగ్ రోడ్డు దుమ్మే. 2023లో ప్రభుత్వం 15,660 రెండు పడగ్గదుల ఇళ్ళు కట్టి ప్రారంభించింది ఇక్కడే. అన్ని ఇళ్ళంటే ఎందరు తల్లులో, ఎందరు పసిపిల్లలో! అందుకే నా దెబ్బలాట ఇక్కణ్ణుంచే మొదలెడుతున్నాను.

"తెలుగులో మంచి పుస్తకాలెక్కడున్నాయండీ?" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చదివింది బి.ఏ. సైన్సంటే ఆమడ దూరం. అలాంటిదాన్ని కూర్చోబెట్టి చుక్కల సంగతి చెప్పింది నండూరి రామమోహనరావుగారి 'విశ్వరూపం'. మనిషి పుట్టుక చెప్పింది ఆయనదే 'నరావతారం'. మహీధర నళినీమోహన్‌గారు పిల్లలకు సైన్సు చెప్పడానికే కలం పట్టారు. హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది 1906లో! మాస్కో నుంచి విశాలాంధ్ర దుకాణాలకొచ్చిన బొమ్మల పుస్తకాలు మన తరం మరిచిపోగలదా? 1991లో సోవియట్ దేశమే లేకుండా పోయింది గానీ, ఆ పిల్లల పుస్తకాలు కొన్నిటిని సికింద్రాబాదు 'మంచి పుస్తకం' వారు మళ్ళీ అచ్చువేశారు. కాబట్టి కరువు పుస్తకాలకు కాదు, మన చూపుకి.

చూపు సంగతి ఎందుకంటున్నానో వినండి.

మా పక్క ఫ్లాటు అమ్మాయికి తొలిచూలు బిడ్డ పుట్టింది. చూడబోయాను. పక్కమీద ధగధగలాడే అట్టతో శిశుపోషణ పుస్తకం. అట్టమీద చిన్నికృష్ణుడు, వెన్నముద్ద. మొదటి మూడు రోజుల పాలు పిండి పారబోయాలిట, బిడ్డ నాలిక్కి తేనె రాయాలిట! అత్తగారు తలూపుతోంది. "అచ్చులో ఉంది కదాంటీ!" అంటోంది ఈ పిల్ల.

పుస్తకం అటూ ఇటూ తిప్పాను. ఏ సంవత్సరంలో రాశారో లేదు. రాసినాయన ఎవరో, ఏం చదివాడో లేదు. 'చేయవలయును', 'ఈయవలయును' అన్న భాషే చెబుతోంది, అది ఏ తాతలనాటి పుస్తకానికో కొత్త చొక్కా తొడిగారని. ఆ తాత తప్పేం లేదు, ఆయనకు తెలిసింది ఆయన రాశాడు. తేదీ చెరిపి, దాన్ని ఇవాళ్టి శాస్త్రంగా అమ్మినవాడిదండీ తప్పు!

ముర్రుపాలే బిడ్డకు మొదటి రక్షణ. పుట్టిన గంటలోపే పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. తేనెలో ఉండే ఒకరకం క్రిములు పసిప్రాణానికే ముప్పు తేవచ్చు గనక ఏడాది నిండేదాకా దాని జోలికే పోవద్దంటారు డాక్టర్లు. నా మాట నమ్మకపోతే డాక్టరమ్మకు ఫోను చెయ్యమన్నాను. చేశారు. ఆవిడా అదే చెప్పింది.

అలాగని పాత పుస్తకాలంటే నాకు పడదనుకునేరు! మళ్ళీ అచ్చువేయడం ఎలాగో బెంగుళూరు నాగరత్నమ్మగారిని చూసి నేర్చుకోవాలి. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అంతకుముందే అచ్చయింది. అయితే ఆ కవయిత్రి తన గురించి, తన వంశంలోని ఆడవాళ్ళ గురించి చెప్పుకున్న భాగం అందులో ఎగిరిపోయింది. నాగరత్నమ్మగారు మూలం వెతికి పట్టుకుని, 1910లో పూర్తి పుస్తకం వేయించారు. మరుసటి ఏడే దొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశంగారి హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. ఏది ఎవరిది, ఏది ఎక్కడ పోయింది అని చెప్పి అచ్చువేస్తే పాత పుస్తకం పెద్దమనిషిలా కూర్చుంటుంది. చెప్పకుండా వేస్తే మారువేషం కట్టినట్టే.

ఇక పసిపిల్లల పుస్తకాలు. ఐదు రకాల అట్టలు, లోపల మాత్రం అదే అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ! ఈగకు కాళ్ళెన్నని పిల్ల అడిగితే జవాబుండదు. పెద్దబాలశిక్ష సంగతీ అంతే. పంతొమ్మిదో శతాబ్దంలో పుదూరు సీతారామశాస్త్రిగారు రాసింది వేరు, ఇప్పుడు బజార్లో అదే పేరుతో దొరికేవి వేరు. పేరు చూసి తాతగారి చదువే ఇదనుకుంటే ఎలా?

అమ్మలారా! పావుకిలో వంకాయలు కొనడానికి ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి, పుచ్చు కోసం వెతుకుతామే! పిల్లల బుర్రలోకి వెళ్ళే పుస్తకాన్ని మాత్రం అట్ట చూసి కొంటామా? ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏమైనా తీసేశారా? ఈ మూడూ అడగండి. మనం అడగనంతకాలం వాళ్ళు చెప్పరు.

మొన్న ఆ అమ్మాయే చంకలో బిడ్డతో వచ్చింది. చేతిలో స్త్రీశక్తి సంఘటన వారి 'సవాలక్ష సందేహాలు'. "ఆంటీ, దీనిమీద సంవత్సరం ఉంది, 1991" అంది గొప్పగా.

"భేష్! అయితే చదువు. ఆ తర్వాత వైద్యం ఎంత మారిందో డాక్టరమ్మని కూడా అడుగు" అన్నాను.