కొబ్బరిచెట్టులో స్వాతి

"పెళ్ళినాడు పురోహితుడు అరుంధతిని చూపిస్తే, మిట్టమధ్యాహ్నం పందిట్లోంచి తలెత్తి కనబడిందండీ అన్నానురా" అంటుంది మా అమ్మ. అలా అన్న పెళ్ళికూతురు ఆవిడ ఒక్కతే కాదనుకోండి. అయితే ఆయువు తీరవచ్చినవాళ్ళకు అరుంధతి కనబడదని ఒక మాట ఉంది. శుక్లాలు తీయించిన తరువాత కూడా ఆవిడకు ఆ చుక్క ఆనలేదు. నవ్వుతూనే చెప్పింది గాని, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అందుకని కంప్యూటరు దుర్భిణి ఒకటి కొన్నాను. పేరు చెబితే చాలు, మోటార్లతో తానే ఆ చుక్కవైపు తిరుగుతుందట. తీరా చూస్తే, వేల చుక్కల జాతకాలు తెలిసిన ఆ మహాజ్ఞానికి తానెక్కడ నిలబడిందో తెలియదు! స్టాండు మట్టంగా నిలిపి, ఊరు రాజమహేంద్రవరమనీ, అక్షాంశం 17 అనీ, గ్రీనిచ్‌కు మనం అయిదున్నర గంటలు ముందనీ మనమే చెప్పాలి. ఆపైన రెండు నక్షత్రాలను గుర్తుపట్టి చూపాలి. అప్పుడుగాని దానికి దిక్కు తెలియదు.

మే 4వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటిల్లిపాదీ డాబా ఎక్కాం. ఆర్క్‌ట్యురస్ అంటే మన స్వాతే గదా అని మీట నొక్కాను. యంత్రం బుర్రుమని తిరిగి పక్కింటి కొబ్బరిచెట్టు మొవ్వులో ఆగింది.

"ఏమండీ, స్వాతి అంటే అదేనా?" అంది మా ఆవిడ.

యంత్రాన్ని నాలుగు తిట్టాను. తప్పు మా అమ్మాయి పట్టింది. నేను తేదీ 4/5 అని కొట్టాను. దాని లెక్కలో నెల ముందు, తేదీ తరువాత. నా మే 4 దానికి ఏప్రిల్ 5 అయి కూర్చుంది. చుక్కలు రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. ఇరవై తొమ్మిది రోజులకు దాదాపు రెండు గంటలు! పాపం, అది సాయంత్రం ఆరున్నరకు స్వాతి ఉండే చోటికే నిజాయితీగా తిరిగింది.

తేదీ దిద్ది మళ్ళీ మొదలుపెట్టాం. తూర్పున స్వాతి, పడమట పునర్వసులోని పొలక్స్. రెండూ ఇలా దూరదూరంగా ఉండాలి, నడినెత్తిన ఉండకూడదు. చుక్కను కటకం నట్టనడుమకు తెచ్చేటప్పుడు ఆఖరి కదలిక ఎప్పుడూ పైకీ కుడికీ ఉండాలన్నది మా యంత్రం నియమం. లేకపోతే పళ్ళచక్రాల మధ్య సందు మోసం చేస్తుంది.

ఇక మైజార్ అని నొక్కాను. అదే మన వశిష్ఠుడు. యంత్రం ఈశాన్యానికి తిరిగి ఆగింది. అమ్మ మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, కుర్చీలో సర్దుకుని, కన్ను ఆనించేసరికి పది నిమిషాలు పట్టింది. మోటారు లేని దుర్భిణిలోనైతే మూడు నాలుగు నిమిషాలకే చుక్క జారిపోయేది. ఇది చూపు వదలకుండా వశిష్ఠుడి వెంటే నడుస్తోంది.

చాలాసేపు అమ్మ మాట్లాడలేదు. నాకు గుండె దడదడలాడింది.

"కనబడిందిరా" అంది చివరికి. పెళ్ళినాటి జవాబే! నేను అనుమానంగా చూశాను.

"వశిష్ఠుడి పక్కన అంటుకుని ఇంకొకరున్నారేం? అరుంధతి దూరంగా ఉందే!"

ఇక అనుమానం లేదు. దుర్భిణిలో వశిష్ఠుడు రెండు నక్షత్రాలుగా విడిపోతాడు. 1617లో గెలీలియో చూసిందీ అదే. ఆ సంగతి చెప్పాను.

"గెలీలియో సంగతి సరే, ఆ రెండో మనిషి ఎవరురా?" అంది అమ్మ. తెలుగు ఎమ్మే చదివిన నా దగ్గర దానికి జవాబు లేదు.