నీళ్ళ తొట్టిలో సబ్‌మెరైన్

కొత్త చింతపండు నిలవ పెట్టుకోవడం గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. అది వచ్చే వారం తప్పకుండా. ఈ వారం మా ఇంట్లో జరిగిన సంగతొకటి చెప్పుకోవాలి. మీ ఇంట్లోనూ పదేళ్ళు దాటిన పిల్లలుండి, రిమోట్ బొమ్మ కావాలని మారాం చేస్తుంటే కాస్త తీరిగ్గా చదవండి.

దసరా సెలవుల్లో కడపలో మా పుట్టింటికి వెళ్ళి, అక్కడి నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నంలో మా తమ్ముడింటికి వెళ్ళాం. రామకృష్ణా బీచిలో ఒడ్డున పెట్టిన ఐ.ఎన్.ఎస్. కురుసుర సబ్‌మెరైన్ చూపించాడు వాడు. 1969లో మన నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిందట. 2002లో మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు. బయటి నుంచి చూస్తే కొండంత, లోపలికి పోతే మన స్టోరు గదంత ఇరుకు. గుండ్రటి ద్వారాల్లోంచి ఒళ్ళు వంచుకుని దూరాలి. అందరూ యంత్రాలు చూస్తుంటే నేను వంటగది దగ్గర ఆగిపోయాను. డెబ్బై మందికి పైగా మనుషులకు అంత చోటులో వండి పెట్టేవాళ్ళంటే, మా వంటిల్లు చిన్నదని ఇక జన్మలో అననని అక్కడే అనుకున్నా.

మా చిన్నోడికి పదకొండేళ్ళు. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఆ నిజం సబ్‌మెరైన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి ఒకటే పాట. "మా, నాకు రిమోట్ సబ్‌మెరైన్ కొనియ్యి మా!"

మావారు నవ్వారు. "కర్నూలులో కుళాయి రోజు విడిచి రోజు వస్తే అదే భాగ్యం. దాంట్లో నీకు సబ్‌మెరైనా!" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి మా పాతబస్తీ మీదికి వచ్చినప్పుడు మేం మిద్దె మీద ఒక రాత్రీ పగలూ కూర్చున్నాం. కింద బియ్యం డబ్బాలూ, పరుపులూ, పెళ్ళి ఆల్బమూ అన్నీ మునిగే ఉన్నాయి. చిన్నోడు అప్పటికి పుట్టలేదు. నీళ్ళంటే వాడికి ఆట. నాకు ఇప్పటికీ గుండెల్లో దడ. ఈ రెంటి మధ్యా ఒక బొమ్మ కొనాల్సి వచ్చింది.

కొనేముందు అసలు ఇది ఎట్ల మునుగుతుందో నేను తెలుసుకోవాలి కదా! తెలిశాక, ఇదేనా అనిపించింది. బిందెను బోర్లించి నీళ్ళలో నొక్కితే మునగదు, చేతిని పైకి తంతుంది. కాస్త వంచామా, బుడబుడమని గాలి బయటికి వచ్చి, నీళ్ళు లోపలికి పోయి మునుగుతుంది. బావిలో నీళ్ళు చేదిన ప్రతి ఆడదానికీ తెలిసిన విద్యే. నిజం సబ్‌మెరైన్‌లో ఆ బిందె బదులు పెద్ద ట్యాంకులుంటాయి. మునగాలంటే వాటిలోకి నీళ్ళు పట్టిస్తారు, తేలాలంటే గాలిని ఒత్తిడితో పంపి ఆ నీళ్ళను తోసేస్తారు.

మా చిన్నోడికి ముందు పైసా ఖర్చు లేని సబ్‌మెరైన్ చేసిచ్చాను. మీరూ చేసివ్వండి. బాల్‌పెన్ను మూత, పైన చిల్లి లేనిది తీసుకోండి. దాని కొక్కేనికి పిండిముద్దలాంటి మైనం కొంచెం అంటించండి. గ్లాసు నీళ్ళలో వేస్తే మూత తల మాత్రమే కనిపించేట్టు తేలాలి. ఆ లెక్క కుదిరేదాకా మైనం తీస్తూ పెడుతూ ఉండాలి. తర్వాత లీటరు సీసా నిండా నీళ్ళు పోసి, మూతను అందులో వదిలి, సీసా బిరడా గట్టిగా బిగించండి. సీసాను పిసికితే మునుగుతుంది, వదిలితే తేలుతుంది. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. "జేజీ, నువ్వే నొక్కు" అని వాడు సీసా ఇస్తే పదినిమిషాలు ఇవ్వనే లేదు.

అయినా పిల్లవాడు సీసాతో సరిపెట్టుకుంటాడా? ఎగ్జిబిషన్‌లో ఒక స్టాలులో 600 రూపాయలకు ఒకటి కనిపిస్తే కొనేశాను. చీటీ డబ్బుల్లో మిగిల్చుకున్నవి. ఇంటికొచ్చి బకెట్‌లో వేశాం. మునిగింది. మునిగింది మునిగినట్టే ఉంది! బయటికి తీసి ఊపితే లోపల గలగలా నీళ్ళు. వాడి మొహం చూడలేకపోయాను. మర్నాడు పోతే స్టాలూ లేదు, మనిషీ లేడు.

తప్పు నాదే. కుక్కరు కొనేటప్పుడు గ్యాస్కెట్ వేళ్ళతో తడిమి చూస్తాం, మూత బిగించి చూస్తాం. సబ్‌మెరైన్‌కూ ప్రాణం గ్యాస్కెట్‌లోనే ఉంది. బ్యాటరీ పెట్టే చోట మూత చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉండాలి, అది చిట్లి ఉండకూడదు, మూత స్క్రూతో బిగుసుకోవాలి. మొదటిసారి కొనేవాళ్ళకు నేను చెప్పేదేమంటే, మూత తీసే పనే లేకుండా పూర్తిగా అతికేసి, బయటి నుంచే ఛార్జి చేసుకునేది చిన్న తరహాలో మేలు. రింగున్నది కొంటే దానికి వాజలైన్ పూయకండి, కొన్ని రకాల రబ్బరు దాంతో ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ గ్రీజు అని దొరుకుతుంది, అది గోరంత చాలు.

ఈసారి తొందరపడలేదు. నెలరోజులు ఆగి, తమ్ముణ్ణి అడిగి, వాళ్ళూ వీళ్ళూ రాసినవి ఫోనులో చదివి, 1,350 రూపాయలకు తెప్పించాను. పదివేలలో మొదలై లక్ష దాకా పోయేవి కూడా ఉన్నాయి. వాటిలో నిజం దానిలాగే నీళ్ళ ట్యాంకు, పంపు ఉంటాయి. వాటికి ఈతకొలను కావాలి, మనకెందుకు? మన అందుబాటులోని చిన్న వాటిలో ట్యాంకు ఉండదు. బుల్లి ఫ్యాను ఒకటి దాన్ని కిందికి తోస్తుంది. అందుకే నేను చూసిన మొదటి గుణం ఇదీ: స్విచ్చి ఆపేస్తే తనంతట తాను పైకి తేలాలి. బ్యాటరీ అయిపోయినా, రిమోట్ మాట వినకపోయినా పైకి వచ్చేస్తే దాని కోసం ఎవరూ నీళ్ళలో దిగక్కర్లేదు. వీపు మాత్రం కొద్దిగా కనిపించేట్టు తేలడం సరైన లెక్క. మరీ పైకి తేలుతుంటే ఫ్యాను ముంచలేదు, అప్పుడు చిన్న నట్టు ఒకటి టేపుతో అడుగున అంటిస్తే సరి. దుకాణంలో కొంటుంటే బకెట్ నీళ్ళు అడగడానికి మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు పదహారు మడతలు విప్పిస్తాం కదా! ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు, మొదటిసారి నీళ్ళలో వేసేటప్పుడు ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. తిప్పి పంపాలంటే పనికొస్తుంది.

పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. మన దేశంలో పిల్లల బొమ్మలకు అది 2021 జనవరి నుంచి తప్పనిసరి. రిమోట్‌లో గుండీ బ్యాటరీలు వేసే రకమైతే మూతకు స్క్రూ ఉందా అని చూడాలి. ఇంట్లో పసిపిల్లలుంటే అది మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండో గుణం రిమోట్‌ది. ఇది నాకు తమ్ముడు విడమరిచి చెప్పాడు. పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే కార్లకూ విమానాలకూ బాగుంటుంది గానీ నీళ్ళలో జానెడు దిగేసరికి సిగ్నలు పోతుందట. మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడయ్యేది దాదాపు ఇదే అలతో. అన్నంలోని నీళ్ళు దాన్ని మింగేస్తాయి గనకే అది వేడెక్కేది. 27 గానీ 40 గానీ మెగాహెర్ట్జ్ అని ఉన్నది మంచినీళ్ళలో ఇంకా లోతుకు పోతుంది. ఉప్పునీళ్ళలో అదీ పోదు. నిజం సబ్‌మెరైన్లతో మాట్లాడటానికి నౌకాదళం వాళ్ళు బాగా పొడవైన అలలు వాడతారు. అందుకోసం తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి ఒక కేంద్రం ఉంది. రెండో దానికి తెలంగాణలో వికారాబాద్ దగ్గర దామగుండంలో 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. సముద్రమే లేని చోట సబ్‌మెరైన్ల కేంద్రం! ఇది చెప్పాక మావారు నన్ను ఎగతాళి చేయడం మానేశారు.

ఇక మన సీమ బాధ. మా ఇంట్లో వాడకానికి బోరు నీళ్ళు. పాలు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుందే, ఆ సున్నం బొమ్మ ఫ్యాను ఇరుసుకూ పట్టింది. రెండు వారాలకు తిరగడం మానింది. పైగా కుళాయి నీళ్ళలో అడుగున్నర లోతున కూడా మాట వినే బొమ్మ బోరు నీళ్ళలో అడుగు దిగగానే మొండికేసింది. ఉప్పదనం అంత పని చేస్తుంది. ఇప్పుడు కుళాయి వచ్చిన రోజే ఆట. సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములో నింపుతాం, ఆట అయ్యాక ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకూ బచ్చలిపాదుకూ పోతాయి. నిలవ ఉంచితే దోమలు. పక్కింటి పసిపిల్ల పాకుతూ వచ్చేస్తుందని భయం కూడా.

అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. డ్రమ్ములో రెండడుగులు పోగానే గోడ తగులుతుంది కదా, వాడికి విసుగొచ్చింది. ఒక ఆదివారం నాకు చెప్పకుండా ఇద్దరు స్నేహితులతో కె.సి. కెనాల్ దగ్గరికి తీసుకుపోయాడు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై మా కడప దాకా పోయే కాలువ అది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో పొలాలకు పారడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వించారు. పడవలు నడిచిన కాలువలో నా సబ్‌మెరైన్ నడవదా అనుకున్నాడట. కాలువలో నీళ్ళు పారుతున్నాయి. అరచేతంత బొమ్మ ఆ పారుదలకు ఎదురెక్కుతుందా! కొట్టుకుపోతుంటే వీడు పాచి పట్టిన మెట్టు మీదికి దిగాడు. జారాడు. అక్కడ బట్టలుతుకుతున్న ఒకామె చొక్కా కాలరు పట్టి లాగింది. తడిసిన నిక్కరుతో, ఒట్టి రిమోట్‌తో ఇంటికి తెచ్చి అప్పజెప్పి, "బిడ్డను జాగ్రత్తగా చూసుకోమ్మా" అని పోయింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. నోరు పెగిలితే కదా!

కొట్టలేదు. ఆ రాత్రి వాణ్ణి మిద్దె మీదికి తీసుకుపోయి, 2009లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చూపించాను. మేం ఎట్ల కూర్చున్నామో, ఎవరి గేదెలు ఎట్ల కొట్టుకుపోయాయో మొదటిసారి చెప్పాను. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా, బొమ్మ తేలే ఉంటుంది గదా? ఎవరికో ఒకరికి దొరుకుతుంది లే" అన్నాడు.

అవును, మూడోది కొన్నాను. మావారే డబ్బులిచ్చారు. ఈసారి రెండు షరతులు. పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే బొమ్మ బయటికి రావాలి, డ్రమ్ము తప్ప వేరే నీళ్ళు లేవు. డ్రమ్ము విసుగు పుట్టకుండా అడుగున రాళ్ళు పేర్చి, ఇటుకతో ద్వారం కట్టి ఇచ్చాను. కురుసుర ద్వారాల్లో మనం వంగి దూరినట్టు బొమ్మ ఆ ద్వారంలోంచి దూరాలి. ఇది మామూలు కష్టం కాదు, నేను ప్రయత్నించాను.

ఆట అయ్యాక తాగే నీళ్ళతో ఒకసారి కడిగి, పాత నూలుగుడ్డతో తుడిచి, నీడన గంటసేపు ఆరనిచ్చాకే ఛార్జి పెట్టాలి. తడి మీద వద్దు, రాత్రంతా వదిలేయొద్దు. మాది ఇరవై నిమిషాల ఛార్జికి ఏడు నిమిషాలు ఆడుతుంది. ఆ ఏడింటిలో రెండు నిమిషాలు జేజివి. వాడు ఫోనులో టైము పెట్టి మరీ రిమోట్ ఆమె చేతికిస్తాడు. నిన్న ఇటుక ద్వారంలోంచి మొదట దూర్చింది ఆమే.