పోయిందా, అసలు లేదా?

ప్రతి ఆదివారం సాయంత్రం అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేస్తుంది. ఇక్కడ డబ్లిన్‌లో అయిదు కొడుతుంటే అక్కడ తొమ్మిదిన్నర. అడిగేవి రెండే ప్రశ్నలు. గుడికెళ్ళావా? ఏం వండుకున్నావు? రెండోదానికి నా దగ్గర ఎప్పుడూ మంచి జవాబు ఉండదు.

మొన్న మాత్రం మూడో ప్రశ్న అడిగింది. తమ్ముడు సెలవులకి ఇంటికొచ్చి, ఇక తనని గుడికి రమ్మనొద్దనీ, తనకి నమ్మకం లేదనీ నెమ్మదిగానే చెప్పాడట. కోపంగా చెప్పి ఉంటే అమ్మ పెద్దగా పట్టించుకునేది కాదు. ఆ నెమ్మదికే భయపడింది. "ఏరా, వాడి రక్షణ పోయినట్టేనా?" అని అడిగింది. నేను నెట్‌వర్క్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను. నెట్‌వర్క్ బాగానే ఉంది.

క్రైస్తవుల ఇళ్ళలో పెరగని వాళ్ళ కోసం ఒక ముక్క. మా ఇళ్ళలో రక్షణ అంటే పాపానికి క్షమాపణ, దేవుడితో సమాధానం, నిత్యజీవం, అన్నీ కలిపిన మాట. అది మనం సంపాదించుకునేది కాదు, దేవుడు ఊరికే ఇచ్చేది అన్నదాంట్లో మా వాళ్ళకి పెద్దగా పేచీ లేదు. ఇచ్చింది మళ్ళీ పోతుందా అన్నదగ్గరే పేచీ. పోదనేవాళ్ళు యోహాను సువార్త పదో అధ్యాయం తెరుస్తారు. తన గొర్రెలని తన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని యేసు చెప్పిన చోటు అది. పోతుందనేవాళ్ళు హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం తెరుస్తారు. ఒకసారి వెలుగు చూసి, రుచి చూసి, తప్పిపోయినవాళ్ళ గురించి అక్కడ చాలా కఠినమైన మాట ఉంది.

మా ఇంట్లో ఈ రెండు పక్షాలూ ఉండేవి. అమ్మమ్మది గుంటూరు. 1842లో హేయర్ దొర వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ వాళ్ళు. నాన్నమ్మది ఒంగోలు వైపు. 1878 జులైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన బాప్టిస్టు మిషన్ వాళ్ళు. "దేవుడు పట్టుకున్న చెయ్యి వదలడు వదినా" అనేది నాన్నమ్మ. "ఆయన వదలడు. మనమే విదిలించుకుంటే?" అనేది అమ్మమ్మ. తర్వాత ఇద్దరూ కలిసి చింతకాయ పచ్చడి పెట్టుకునేవాళ్ళు.

అందరికీ అంత సులువుగా తెగలేదు. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే లువాస్ ట్రామ్ ట్రినిటీ కాలేజీ ముందునుంచి పోతుంది. ఆ కాలేజీలో 1755లో చేరిన కుర్రాడు ఆగస్టస్ టాప్లడీ. పుట్టింది ఇంగ్లండులో. తండ్రి సైన్యంలో పనిచేస్తూ ఇతని పసితనంలోనే పోయాడు. తల్లి ఐర్లండ్‌కి తీసుకొచ్చింది. వెక్స్‌ఫర్డ్ కౌంటీలో కోడిమెయిన్ అనే పల్లెలో, ఒక కొట్టంలో, మోరిస్ అనే మెథడిస్టు బోధకుడు చెబుతుంటే విని మారుమనస్సు పొందాడు. ఆ రోజు ప్రసంగం ఎఫెసీ పత్రికలోని మాట మీద. ఒకప్పుడు దూరంగా ఉన్నవాళ్ళు దగ్గరయ్యారు అన్న మాట.

మెథడిస్టులంటే జాన్ వెస్లీ మనుషులు. వెస్లీ 1747 నుంచి 1789 వరకూ ఐర్లండ్‌కి ఇరవై ఒక్కసార్లు వచ్చాడు. నిజమైన విశ్వాసి కూడా తప్పిపోవచ్చని 1751లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. టాప్లడీ మొదట్లో ఆ వైపే ఉన్నాడు. 1758లో, ఇంకా ట్రినిటీలో చదువుకుంటుండగానే, అవతలి ఒడ్డుకి చేరాడు. దేవుడు ఎన్నుకున్నవాడు చివరిదాకా నిలుస్తాడు, నిలబెట్టేది దేవుడే అన్నాడు. 1769 నుంచి ఇద్దరూ కరపత్రాలతో కొట్టుకున్నారు. టాప్లడీ పుస్తకాన్ని వెస్లీ కుదించి, చివర వెటకారం చేర్చి, అతని పొడి అక్షరాలే కింద పెట్టి అచ్చేశాడు. టాప్లడీ నోటికొచ్చినట్టు తిట్టాడు. పొగగొట్టాలు తుడిచేవాళ్ళతో తను పోట్లాడనని వెస్లీ ఒక ఉత్తరంలో రాశాడు. ఆ తిట్ల మధ్యలోనే, 1776లో, టాప్లడీ 'రాక్ ఆఫ్ ఏజెస్' పాట పూర్తిగా అచ్చయింది. ఇప్పుడు మెథడిస్టులు కూడా దాన్ని కళ్ళు మూసుకుని పాడుకుంటారు.

ఇది చదువుతుంటే మన వైష్ణవుల మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం గుర్తొచ్చాయి. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకోవాలి. పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుపోతుంది. పోలిక అన్నివిధాలా అతకదు. పట్టు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం అదే.

నాకు అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. మా తమ్ముడి సంగతి ఈ ఇద్దరినీ అడిగితే ఏం చెబుతారు? ఉండేది, పోయింది అంటాడు వెస్లీ. ఉన్నది పోదు కాబట్టి, వాడు ఇలాగే ఉండిపోతే, అసలు ఎప్పుడూ లేదు అనాల్సి వస్తుంది టాప్లడీ పక్షం. ఓదార్పుగా కనిపించే సిద్ధాంతమే అమ్మకి ఎక్కువ దెబ్బ. నాన్నమ్మ పోయిన రాత్రి పక్క మంచం మీద వాడు దుప్పటి కప్పుకుని, నేను నిద్రపోయాననుకుని, చాలాసేపు ప్రార్థన చేశాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు. అది అబద్ధమని నేననలేను. నేను విన్నాను.

ఆ రెండు అధ్యాయాలూ మళ్ళీ చదివాను. హెబ్రీ పత్రిక, అలిసిపోయి వెనక్కి తిరగాలని చూస్తున్నవాళ్ళకి, ఇంకా వింటున్నవాళ్ళకి రాసింది. తిరిగిరావాలని ఏడుస్తున్నవాణ్ణి తలుపు దగ్గర ఆపడానికి కాదు. యోహానులోని మాట, చెయ్యి జారుతుందేమోనని వణికేవాడికి. నేనేం చేసినా పర్వాలేదు అనేవాడికి కాదు. షుగరు పెరిగినవాడికీ పడిపోయినవాడికీ ఒకే సూది వేస్తే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పైగా రెంటిలో ఏ మాటా, పక్కింటివాడి పేరు చూసుకోవడానికి పరీక్ష ఫలితాల జాబితాలా రాసింది కాదు.

వెస్లీ కూడా ఊరికే భయపెట్టి వదల్లేదు. 1778లో, తప్పిపోయినవాళ్ళ కోసమే ఒక ప్రసంగం రాశాడు. అలాంటివాళ్ళు వేలమంది తిరిగి లేచారని తన నమ్మకం అన్నాడు. అదే ఏడు ఆగస్టులో టాప్లడీ క్షయతో పోయాడు. ముప్ఫై ఏడేళ్ళు. ఇప్పుడు నా వయసు.

చివరికి నాకు పనికొచ్చింది అమ్మమ్మ వైపు పుస్తకమే. లూథర్ 1529లో రాసిన పెద్ద కేటకిజంలో బాప్తిస్మాన్ని ఓడతో పోలుస్తాడు. మనం జారి నీళ్ళలో పడొచ్చు, అది నిజం. కానీ ఓడ పగలదు, ఎందుకంటే అది దేవుడిది. పడినవాడు ఈదుకుంటూ వచ్చి మళ్ళీ దాన్నే పట్టుకుని ఎక్కాలి. ఇందులో అమ్మమ్మ మాటా ఉంది, నాన్నమ్మ మాటా ఉంది. పడటం నాటకం కాదు. ఓడ మునగటమూ జరగదు.

నిన్న నేనే ముందు ఫోన్ చేశాను. ఓడ సంగతి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మరి వాడు ఈదుతున్నాడంటావా?" అంది.

"తెలీదమ్మా" అన్నాను. ఈసారి నెట్‌వర్క్ మీదకి నెట్టలేదు.

"సరే. వాడికి ఫోన్ చెయ్యి. గుడి ఊసెత్తకు. అన్నం సరిగ్గా తింటున్నాడో లేదో అడుగు" అంది.