వంటింటి నుంచి మిద్దె మీదికి ఎంత దూరం?

ప్రొద్దుటూరులో కింద అంగడి, పైన కాపురం ఉన్న ఇల్లు ఒకటి. జమ్మలమడుగులో మూరెడు మందం రాతిగోడల పాత మిద్దె ఒకటి. పులివెందులలో కొత్తగా కట్టిన మూడంతస్తుల మేడ ఒకటి. మూడు ఇళ్ళూ మూడు రకాలే గాని, ఇబ్బంది మాత్రం ఒక్కటే. వంటింట్లో నుంచి అమ్మ "అన్నానికి రారా!" అని పిలిస్తే పైన ఉన్నవాడికి వినిపించదు. మీ ఇంట్లో కూడా ఇంతేనా?

ఈ చిక్కు తీర్చుకోవడానికి కొందరు ఇళ్ళలో స్మార్ట్ స్పీకర్లు పెట్టుకుంటున్నారు. అమెజాన్ కంపెనీ వారి ఎకో స్పీకర్లు 2017లో మన దేశానికి వచ్చాయి. గూగుల్ వారి హోమ్ స్పీకర్లు 2018లో వచ్చాయి. పాట పాడించడానికి, వాతావరణం అడగడానికి కొన్నవారు క్రమంగా వీటిని ఇంటి టెలిఫోనుగా కూడా వాడటం నేర్చుకున్నారు. వంటింటి స్పీకరుతో చెబితే ఆ మాట మిగిలిన గదుల్లోని స్పీకర్లలో వినిపిస్తుంది. మెట్లెక్కే పని తప్పింది. మంచిదే!

అయితే ఒక చిన్న ప్రశ్న. అమ్మ మాట వంటింటి నుంచి మిద్దె మీదికి ఏ దారిన వెళ్ళింది?

"ఏముంది, ఈ స్పీకరు నుంచి ఆ స్పీకరుకు" అని మీరు అనవచ్చు. కాని జరిగేది అది కాదు. స్పీకరు తన పేరు కోసం ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. పేరు వినగానే మేలుకుని, తర్వాతి మాటలను రికార్డు చేస్తుంది. ధ్వని అలను సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు వైఫై ద్వారా రౌటరుకు, అక్కడి నుంచి తీగల మీదుగా ఊరు దాటి, ఎక్కడో ఉన్న కంపెనీవారి కంప్యూటర్లకు చేరతాయి. ఆ కంప్యూటర్లు ఆజ్ఞను అర్థం చేసుకుని మాటను తిరిగి పంపిస్తాయి. అప్పుడు గాని పైగదిలో "అన్నానికి రారా" అని వినపడదు!

ఇక్కడ ఒక తమాషా లెక్క చూడండి. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. పది మీటర్ల దూరానికి సెకనులో నూరింట మూడు వంతులు పడుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరం వెళ్ళి తిరిగి రావడానికి దానికి సెకనులో నూరవ వంతు చాలు. అంటే తీగలో కాంతి వెయ్యి కిలోమీటర్లు పోయివచ్చినా, గదిలో కేక కన్నా ముందే ఉంటుంది! స్పీకరు కాస్త ఆలస్యంగా పలకడానికి దూరం ఒక్కటే కారణం కాదు. మాటను రికార్డు చేసి, అర్థం చేసుకుని, మళ్ళీ పంపే పనికే ఎక్కువ సమయం పడుతుంది.

కాబట్టి దూరం గురించి నాకు పేచీ లేదు. నా పేచీ అంతా దారి గురించి. దారి పొడవైతే, తెగే చోట్లు కూడా ఎక్కువ అవుతాయి.

నిరుడు వేసవిలో ప్రొద్దుటూరులో మా బంధువుల ఇంట్లో ఉన్నాను. మోకాళ్ళ నొప్పులతో బాధపడే అవ్వ మిద్దె మీది గదిలో ఉంటుంది. ఆమె కోసమే స్పీకర్లు పెట్టి, పిలవడానికి కావలసిన రెండు ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టించారు. ఒక మధ్యాహ్నం వీధిలో గుంత తవ్వుతుంటే ఇంటర్నెట్ తీగ తెగింది. అవ్వ మంచినీళ్ళ కోసం పిలిచింది. స్పీకరు "ఇంటర్నెట్ అందడం లేదు" అని జవాబు చెప్పింది, అదీ ఇంగ్లీషులో! అవ్వకు ఏమీ అర్థం కాలేదు. కింద ఉన్నవాళ్ళమేమో స్పీకరు ఉందిగదా అన్న ధైర్యంతో చెవి ఒగ్గలేదు. గంట తర్వాత మనవరాలు పైకి వెళ్ళేదాకా అవ్వ దాహంతోనే ఉంది. తీగ తెగినందుకు నేను ఎవరినీ తప్పు పట్టను. తీగలన్నాక తెగుతాయి. ఒకే తీగను నమ్ముకోవడమే మేము చేసిన తప్పు.

ఇలాంటిది పెద్ద ఎత్తున కూడా జరిగింది. 2025 అక్టోబరు 20న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఉన్న అమెజాన్ కంప్యూటర్ కేంద్రాల్లో చిరునామాలు వెతికిపెట్టే ఏర్పాటు దెబ్బతిన్నది. దానివల్ల ఎన్నో సేవలు ఆగిపోయాయి. వాటిలో ఎకో స్పీకర్లను నడిపే అలెక్సా కూడా ఉంది. ఒకచోట లోపం వస్తే, ఎక్కడో ఉన్న ఇళ్ళలో గదికీ గదికీ మధ్య మాట ఆగిపోవడం వింతగా లేదూ?

రెండవ సంగతి. వెళ్ళిన మాట అక్కడ నిలవ ఉండవచ్చు. పిల్లల గొంతుల రికార్డులను అవసరానికి మించి దాచుకున్నదనీ, తొలగించమన్నా పూర్తిగా తొలగించలేదనీ 2023లో అమెరికా ప్రభుత్వం అమెజాన్ మీద అభియోగం తెచ్చింది. ఆ కంపెనీ అభియోగాన్ని ఒప్పుకోలేదు. అయినా రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. మన దేశంలో కూడా 2023లో చేసిన చట్టం, 18 ఏళ్ళలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని చెబుతోంది. మీ గొంతు కూడా మీ వివరమే!

మూడవది మర్యాదకు సంబంధించినది. కొన్ని స్పీకర్లలో "డ్రాప్ ఇన్" అనే సౌకర్యం ఉంది. అవతలివారు మీట నొక్కకుండానే వారి గదిలోని మాటలు మీకు వినిపిస్తాయి. తలుపు తట్టకుండా లోపలికి పోవడం లాంటిదే ఇది. అవ్వ గదికైనా, అక్క గదికైనా వారి అనుమతి లేకుండా దీన్ని పెట్టకూడదు.

మరి స్పీకర్లు పారేయాలా? అక్కరలేదు. మెట్లెక్కలేనివారికి అవి నిజంగా ఆసరాయే. నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో మాటకు ఇల్లు దాటని దారి కూడా ఒకటి ఉండాలి. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. అక్కడ గోడా, గాలీ తప్ప మధ్యవర్తి ఎవరూ లేరు. పాతకాలపు తీగ ఇంటర్‌కమ్ కూడా అంతే. దాని తీగ మన గోడ మీదే మొదలై మన గోడ మీదే ముగుస్తుంది.

అలాంటిది మీరే చేయవచ్చు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, దానితో పనిచేసే బజ్జర్, ఒక బెల్లు స్విచ్చి, రెండు పోగుల సన్నని వైరు చాలు. స్విచ్చి అవ్వ మంచం దగ్గర, బజ్జర్ వంటింట్లో. ఒకసారి మోగితే మంచినీళ్ళు, రెండుసార్లు మోగితే అన్నం, ఆపకుండా మోగితే వెంటనే రమ్మని అర్థం. కరెంటు పోయినా ఇది మోగుతుంది. ఇంటి కరెంటు తీగలకు మాత్రం దీన్ని కలపకండి, వాటి పక్కన కూడా పోనివ్వకండి. వారానికొకసారి నొక్కి బ్యాటరీ సరిగా ఉందో లేదో చూసుకోండి.

మీ ఇంట్లో స్మార్ట్ స్పీకర్లు ఉంటే పెద్దవాళ్ళతో చెప్పి ఈ ఆదివారం ఒక ప్రయోగం చేయండి. పది నిమిషాలు రౌటరు ఆపి, పైగదికి పిలిచి చూడండి. పిలుపు అందకపోతే అది పోయే దారిని కాగితం మీద బొమ్మగా వేయండి. తెగే చోట్లు ఎన్నో లెక్కపెట్టి, ఆ కాగితం ఇంట్లో అందరికీ చూపించండి.

ఆ పని అయ్యాక ఒకసారి మిద్దె ఎక్కి అవ్వ పక్కన కూర్చోండి. ఏ యంత్రమూ మీ బదులు చేయలేని పని అది.