సర్వర్ పెట్టినోడు హైదరాబాద్ పోయాక...

మన దగ్గర చిన్న సర్వర్ ఎలా పుడుతుందో మీకు తెలిసే ఉంటుంది. కోదాడలో ఒక స్కూలుకో, సూర్యాపేటలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌కో, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకో లెక్కల సాఫ్ట్‌వేర్ కావాలి. బీటెక్ అయిపోయి ఖాళీగా ఉన్న మేనల్లుడు ఒకడుంటాడు. ఒక డబ్బా కొంటారు, లేదంటే నెలకింత అని కట్టి క్లౌడ్‌లో మెషీన్ తీసుకుంటారు. మేనల్లుడు తనకు నచ్చిన లినక్స్ ఎక్కిస్తాడు. ఆర్నెల్లు తిరక్కుండానే వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, బస్సెక్కి వెళ్లిపోతాడు. సర్వర్ మాత్రం ఇక్కడే ఉంటుంది. ఇన్వర్టర్ పక్కన, దుమ్ములో, ఐదేళ్లు.

కాబట్టి 'ప్రొడక్షన్ సర్వర్‌కి ఏ లినక్స్ బెస్ట్?' అన్న ప్రశ్నను ఈ వారం కొంచెం తిప్పి అడుగుదాం. పెట్టినోడు ఊళ్లో లేకపోయినా ఏది నడుస్తుంది? ప్రొడక్షన్ అంటే పెద్ద కంపెనీల మాటేం కాదు. జనం రోజూ వాడేది, ఆగితే కౌంటర్ దగ్గర క్యూ ఆగిపోయేది ఏదైనా ప్రొడక్షనే.

ముందు సెంట్‌ఓఎస్ కథ చెప్పుకోవాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో లినక్స్ నేర్చుకున్న చాలామందికి సర్వర్ అంటే సెంట్‌ఓఎస్సే. రెడ్‌హ్యాట్ డబ్బులకిచ్చే లినక్స్‌నే, దాని సోర్స్ కోడ్ నుంచి మళ్లీ తయారుచేసి ఉచితంగా ఇచ్చేవాళ్లు. 2019లో సెంట్‌ఓఎస్ 8 వచ్చినప్పుడు 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయన్నారు. 2020 డిసెంబర్ 8న మాట మారింది: 2021 డిసెంబర్ 31తో సరి. అంటే ఇంకా ఎనిమిదేళ్లకు పైగా ఉందనుకున్న భరోసా ఏడాదికి కుదించుకుపోయింది! పాత సెంట్‌ఓఎస్ 7 మాత్రం అనుకున్న తేదీ దాకా, 2024 జూన్ 30 వరకూ నడిచి ఆగిపోయింది.

ఆగిపోయిందంటే మెషీన్ ఆగిపోయిందని కాదు, అదే అసలు ప్రమాదం. బిల్లులు కొడుతూనే ఉంటుంది, రిపోర్టులు ప్రింటవుతూనే ఉంటాయి. కొత్తగా బయటపడే రంధ్రాలను పూడ్చేవాళ్లే ఉండరు. మేనల్లుడు లేడు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలీదు. పేషెంట్ల రిపోర్టులు, రైతులకు ఇవ్వాల్సిన ధాన్యం డబ్బుల లెక్కలు ఆ డబ్బాలోనే ఉంటాయి. ఒకరోజు పొద్దున్నే స్క్రీన్ మీద 'బిట్‌కాయిన్ కట్టండి' అని కనిపిస్తేనే తెలుస్తుంది.

సెంట్‌ఓఎస్ పోయాక 2021లోనే రెండు వారసులొచ్చాయి: మార్చిలో ఆల్మాలినక్స్, జూన్‌లో రాకీ లినక్స్. రాకీని మొదలుపెట్టింది సెంట్‌ఓఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్. దానికి పెట్టింది చనిపోయిన తన పాత సహచరుడి పేరు. చాలామంది సినిమా పేరనుకుంటారు! రెండూ రెడ్‌హ్యాట్ దారిలోనే నడుస్తాయి, ఒక్కో వెర్షన్‌కి పదేళ్లు. రెండో దారి డెబియన్, ఉబుంటులది. డెబియన్ వెనక కంపెనీ లేదు, వాలంటీర్లే. ఒక్కో వెర్షన్‌కి మూడేళ్లు పూర్తి సపోర్టు, ఆపైన ఇంకో రెండేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు. ఉబుంటు అయితే రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ మాత్రమే చూడండి, దానికి ఐదేళ్లు. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే. ఫెడోరాకి సుమారు పదమూడు నెలలు. మీ ల్యాప్‌టాప్‌లో ఎంత బాగున్నా, మేనల్లుడి ఉద్యోగ ప్రయత్నాలకన్నా ముందే ఆయుష్షు తీరిపోయేదాన్ని సర్వర్‌లో పెట్టకండి.

'అన్నా, డెబియన్‌లో అన్నీ పాత వెర్షన్లే కదా' అంటారు కుర్రాళ్లు. పాతవే. కానీ బోరు మోటారులో బుష్ పోతే బుష్ మారుస్తాం గానీ మోటారే మార్చం కదా. వీళ్లు చేసేదీ అదే. వెర్షన్ నంబర్ కదపకుండా, కొత్తదాంట్లో దొరికిన మరమ్మతును పాతదాంట్లోకి తెచ్చి అతికిస్తారు. మీ సాఫ్ట్‌వేర్ విరగదు, రంధ్రమూ పూడుతుంది.

కొత్తదే కావాలనేవాళ్లకు 2024 మార్చి 29 గుర్తుచేయాలి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్‌కి తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానమొచ్చింది. తవ్వితే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగ తలుపు దొరికింది. ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించుకున్న ఒక ముసుగు మనిషి పెట్టిన తలుపది. అది చేరింది ఫెడోరా రాహైడ్, డెబియన్ టెస్టింగ్ లాంటి తాజా సరుకులోకే. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు ఏమీ కాలేదు. ఆ అర సెకను ఆయన పట్టించుకోకపోతే కథ వేరే ఉండేది, అది వేరే విషయం.

మరి ఏది ఎక్కించాలి? సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఫలానా దాని మీదే సపోర్టు ఇస్తామంటే వాదన లేదు, అదే పెట్టండి. రెడ్‌హ్యాట్ సర్టిఫికేషన్ రాయాలనుకుంటే ఆల్మా లేదా రాకీ, కమాండ్లు అవే. (ఎస్‌ఈలినక్స్‌ని మొదటిరోజే ఆపేసే అలవాటు మాత్రం మానండి.) ఇవేవీ లేకపోతే నా ఓటు ఉబుంటు ఎల్‌టీఎస్‌కి. నాకు డెబియనే ఎక్కువ ఇష్టం. కానీ మీ తర్వాత ఆ డబ్బా ముందు కూర్చునే కుర్రాడికి ఉబుంటు తెలిసి ఉండే అవకాశం ఎక్కువ. 2023లో సూర్యాపేటకీ ఐటీ హబ్ వచ్చింది, ఆ కుర్రాడు ఊళ్లోనే దొరకొచ్చు కూడా.

ఇప్పటికే ఏదో ఒకటి నడుస్తోందా? ఈటీసీ ఫోల్డర్‌లో ఓఎస్-రిలీజ్ అనే ఫైల్ తెరవండి, పేరూ వెర్షనూ కనిపిస్తాయి. సెంట్‌ఓఎస్ 7 అని ఉంటే ఆల్మా వాళ్ల ఎలివేట్ అనే టూల్‌తో పై వెర్షన్‌కి మారే వీలుంది. నేనైతే నడుస్తున్న డబ్బా మీద ప్రయోగం చేయను. కొత్త మెషీన్‌లో కొత్త లినక్స్ ఎక్కించి, డేటా అందులోకి తెచ్చి, ఒక వారం రెండూ పక్కపక్కన నడిపిస్తాను. బ్యాకప్ తీయడమే కాదు, దాన్ని ఒకసారి వెనక్కి ఎక్కించి కూడా చూడండి. తర్వాత ఒక కాగితం మీద లినక్స్ పేరు, వెర్షన్, సపోర్టు ఆగే తేదీ, బ్యాకప్ ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో రాసి డబ్బాకి అతికించండి. పాస్‌వర్డ్ మాత్రం రాయొద్దు, అది ఓనర్ బీరువాలో ఉండాలి.