ఏ సైన్యాన్ని కూడబెడదాం?



మన హాస్టల్లో ఇప్పుడు బొమ్మ సైనికుల పిచ్చి పట్టింది. ఒకడు హిందూపురం నుంచి తుపాకీ సిపాయిని తెస్తే, ఇంకొకడు ధర్మవరం నుంచి గుర్రపు రౌతును తెస్తాడు. దొరికిందల్లా పెట్టెలో వేస్తే సేకరణ అవుతుందా? పైగా డబ్బులున్నోడిదే పెద్ద సైన్యం. తండాల నుంచి వచ్చిన మాలాంటోళ్ళు పక్కన నిలబడి చూడాల్సిందేనా?

నా అభిప్రాయం ఇది. ముందు ఒక కాలం, ఒక సైన్యం ఎంచుకోవాలి. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడినాక విజయనగర రాజధాని మన పెనుకొండకే మారింది. ఆ సైన్యాన్నే చేద్దాం. ఏనుగులు, గుర్రాలు, కాల్బలం అన్నీ చెరువు మట్టితోనే. అప్పటి వేషాలు, తలపాగాలు హిందూపురం దగ్గర లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో చూడొచ్చు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలు బొమ్మలతో రామరావణ యుద్ధమే ఆడిస్తారు. ఆ కళకే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనకు మట్టి చాలదా?

ఒక్క మాట. రాజును ఒక్కణ్ణే చేయండి, బంట్లను ఎక్కువ చేయండి. కోటను కాసింది వాళ్ళే కదా!

– తొమ్మిదో తరగతి విద్యార్థి